ఆ నలభై ఒక్క అక్షరాలు

"పాస్‌వర్డ్లు మీ సర్వర్లోనే ఉన్నాయి కదండీ. ఇక్కణ్ణుంచి కాపీ కొట్టి అక్కడ పేస్టు చేస్తే పోలా?"

బెజవాడలో ఆ మందుల హోల్‌సేల్ కంపెనీ యజమాని ఈ ముక్క పొద్దున్నే అడుగుతాడు, భోంచేసి వచ్చి అడుగుతాడు, రాత్రి షట్టరు దించే ముందు ఫోన్ చేసి మరీ అడుగుతాడు. అడిగినప్పుడల్లా గొంతులో జాలి. ఇంత చిన్న ఉపాయం వీడికి తట్టలేదే, వీడికి డబ్బులిస్తున్నామే అని.

"ఉన్నాయండీ, కానీ లేవు" అన్నాను.

"వేదాంతం నాకెందుకు, పని చూడండి" అన్నాడు.

సర్వరు పాస్‌వర్డుని దాచుకోదు మహాప్రభో. దాన్ని మరాడించి ఆ పిండిని, అంటే హ్యాష్‌ని, దాచుకుంటుంది. రేపు మీరొచ్చి పాస్‌వర్డ్ కొడితే దాన్నీ అప్పటికప్పుడు మరాడించి, రెండు పిండ్లూ ఒకటేనా కాదా అని చూసి లోపలికి రానిస్తుంది. పిండిలోంచి మళ్లీ బియ్యం ఏరివ్వమంటే ఎవడివల్లా కాదు. ఆ ఏరలేకపోవడమే దాని గొప్ప. ఇంతవరకూ అందరికీ బానే ఉంటుంది. మరని మార్చినప్పుడే మొదలవుతుంది మా చావు.

ఆ కంపెనీ సర్వర్లో ఉన్నది మైఎస్‌క్యూఎల్ డేటాబేసు. దాన్ని తయారుచేసే వాళ్లకి మర మార్చడం అలవాటు. మొదట్లో హ్యాష్ అంటే 16 అక్షరాలు. 4.1 వెర్షన్‌లో దాన్ని ముందొక నక్షత్రం గుర్తు, వెనక 40 అంకెలూ అక్షరాలూ కలిపి 41 చేశారు. 4.1కి 41, ఎవరి జాతకం చూసి పెట్టారో. 5.7కి వచ్చేసరికి 'పాస్‌వర్డ్' అనే కాలమ్‌నే ఎత్తేసి, అందులో ఉన్నదాన్ని ఇంకో పేరున్న కాలమ్‌లోకి నెట్టారు. 2018లో 8.0 వచ్చి కొత్త ఖాతాలన్నిటికీ కొత్త మర అంది. 2024 ఏప్రిల్లో 8.4 వచ్చి పాత మరకి కరెంటు తీసేసింది. మనం వెళ్లి స్విచ్చి వేస్తేనే తిరుగుతుంది. అదే ఏడాది జులైలో 9.0 వచ్చి మరనే పీకేసింది.

మనవాళ్ల సర్వరు 5.7. దాని పోషణ 2023 అక్టోబరులోనే ఆగిపోయింది. పోవలసింది 8.4కి. నేరుగా పోవడానికి లేదు, మధ్యలో 8.0లో దిగి తీరాలి. అక్కడివరకూ, నిజం చెప్పాలంటే, యజమాని మాటే రైటు. ఆ 41 అక్షరాల్నీ ఉన్నదున్నట్టు కాపీ కొట్టి పేస్టు చేయొచ్చు. ఈ సంగతి ఆయనకి చెప్పలేదు, చెప్పను కూడా. ఎందుకంటే ఆ తర్వాత ఆ పిండి కొత్త మరకి పనికిరాదు. దానికి మళ్లీ అసలు పాస్‌వర్డే కావాలి, అది ఎవరిది వాళ్లకే తెలుసు. పైగా కొత్త హ్యాష్‌లో తెర మీద కనపడని బైట్లు కూడా దూరతాయి. చూసి కాపీ కొడితే సగం రాలిపోతాయి. ఈ బాధ పడలేకే 8.0.17లో దాన్ని హెక్స్‌లో చూపించే సెట్టింగు ఒకటి పెట్టారు.

పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేసు వాళ్లు సుఖపడుతున్నారని కుళ్లుకోనక్కర్లేదు. అందులో పాత ఎండీ5 పద్ధతి యూజర్ పేరునే పాస్‌వర్డుతో కలిపి హ్యాష్ చేసేది. అంచేత పేరు మారిస్తే పాస్‌వర్డు పోయేది. న్యూమరాలజీ ఆయన చెప్పాడని పేరులో ఇంకో 'ఏ' ఇరికించుకునే మన హీరోలకి అందులో ఖాతా ఉండుంటే, అదృష్టం కలిసొచ్చే లోపల లాగిన్ పోయేది.

మర మార్చే ఈ రాత్రిళ్లలో నాకు తోడు కెన్ థాంప్సన్. యూనిక్స్ పుట్టించిన ఇద్దరిలో ఒకడు. పాత బీఎస్‌డీ యూనిక్స్ సోర్సు కోడులో ఆనాటి పెద్దలందరి హ్యాష్‌లూ ఉన్న ఫైలొకటి అలాగే ఉండిపోయింది. పనిలేని మహానుభావులు దాన్ని పట్టుకుని ఒక్కొక్కటే పగలగొట్టారు. స్టీఫెన్ బోర్న్ పాస్‌వర్డు 'బోర్న్'. ఆయన్ని చూసి నాకు ధైర్యం వచ్చింది. బ్రయన్ కెర్నిగన్‌ది కీబోర్డు కింద కుడివైపు పక్కపక్కనున్న మూడు మీటల్ని మళ్లీ మళ్లీ నొక్కడం. తర్వాతి కాలంలో గూగుల్‌ని నడిపిన ఎరిక్ ష్మిట్‌ది భార్య పేరు 'వెండీ', పక్కన మూడు ఆశ్చర్యార్థకాలు. థాంప్సన్‌ది మాత్రం ఎవరికీ లొంగలేదు. చివరికి 2019లో ఒకాయన గ్రాఫిక్స్ కార్డుని నాలుగు రోజుల పైచిలుకు తిప్పితే బయటపడింది. ఏమిటయ్యా అంటే చదరంగంలో ఒక ఎత్తు. రాణి ముందున్న బంటు రెండు గళ్లు ముందుకి. చదరంగం మీద ఆయనకి ఆ పిచ్చి ఉంది మరి. ఆయనా సహచరుడూ కట్టిన 'బెల్' అనే యంత్రం 1980లో కంప్యూటర్ల చదరంగంలో ప్రపంచ విజేత.

నన్ను నిద్రపోనివ్వనిది ఆ ఎత్తు కాదు, దాని చివరున్న ఆశ్చర్యార్థకం. చదరంగం రాతలో ఎత్తు పక్కన ఆ గుర్తు పెడితే 'శభాష్' అని అర్థం. రాణి ముందు బంటుని జరపడం ఎవరైనా చేస్తారు, మా వీధిలో మూడో తరగతి పిల్లాడూ చేస్తాడు. మొదటి ఎత్తుకే తనకి తాను శభాష్ చెప్పుకున్నాడా ఈయన? లేక ఆ కాలంలో పాస్‌వర్డుకి ఎనిమిది అక్షరాలే లెక్క కాబట్టి, ఏడుతో అయిపోయిన ఎత్తుకి ఎనిమిదోది అతికించాడా? బంటుకి ఒకటి పెట్టాడీయన, భార్యకి మూడు పెట్టాడాయన. ఎవరి సంసారం మీదా నేను వ్యాఖ్యానించను. కానీ తెల్లవారుజాము రెండింటికి సర్వరు ముందు కూచున్నవాడికి ఇలాంటి లెక్కలే తోస్తాయి.

ఈ కథ యజమానికి చెప్పడం పొరపాటైంది. "అయితే మనవీ నాలుగు రోజుల్లో పగలగొట్టేయొచ్చన్నమాట!" అన్నాడు.

ఆ కంపెనీలో డెస్క్‌టాప్ ప్రోగ్రాం పాతకాలం నాటిది. ప్రతి గుమాస్తాకీ సర్వర్లోనే ఒక ఖాతా. రాసిన కుర్రాడు అమెరికాలో ఉన్నాడు, సోర్సు కోడు ఎక్కడుందో అతనికీ తెలీదు. ఖాతాల పట్టిక తెరిస్తే నాకు పాస్‌వర్డ్లు తెలియవు గానీ ఒకటి తెలుస్తుంది. పాత పద్ధతిలో సాల్ట్, అంటే ఒక్కో పాస్‌వర్డుకీ విడిగా కలిపే అడ్డదిడ్డపు అక్షరాలు, ఉండదు. అంచేత ఇద్దరు ఒకే పాస్‌వర్డు పెట్టుకుంటే ఇద్దరి హ్యాషూ అచ్చు ఒకటే. గోడౌన్ సెక్షను మొత్తానికీ ఒకటే హ్యాష్. బిల్లింగ్ కౌంటర్లో ఏళ్లతరబడి మాటల్లేని ఇద్దరికీ ఒకటే.

ఆ పట్టికలోనే పెద్ద అకౌంటెంటు గారి వరస ఉంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఖాతాని ఎవరూ తీయలేదు. ఆయన దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు ఆ కుర్చీలో కూచున్నావిడది కూడా అదే హ్యాష్, 41కి 41 అక్షరాలూ. చేరిన కొత్తలో ఆయన చెప్పి ఉంటాడు, 'ఇదే పెట్టుకోమ్మా, మర్చిపోవు' అని. ఆ మాటేమిటో ఇప్పుడు లోకంలో ఒక్క ఆవిడకే తెలుసు. కొత్త సర్వరు ఎవరి పాస్‌వర్డులో వాళ్లకి వేరే సాల్ట్ కలుపుతుంది. ఒకే మాట ఇద్దరి వరసల్లో పొంతనలేని రెండు ముద్దలుగా పడుంటుంది, ఇక ఈ చుట్టరికం ఎవరికీ కనపడదు. భద్రతకి అదే మంచిది. రిపోర్టులో ఆ మాట రాసింది నేనే. ఆడిటర్ చెప్పాడని పెద్దాయన ఖాతా తీసేసిందీ నేనే, ఒక్క లైనుతో.

అందరూ కొత్త పాస్‌వర్డ్లు పెట్టుకోండి అని చాటింపు వేశాక మొదటి ఫోను ఆవిడదే.

"పాతదే పెట్టుకుంటానంటే ఒప్పుకోవట్లేదండీ. పెద్దక్షరమంటోంది, అంకె అంటోంది."

"కొత్తది పెట్టుకోండమ్మా, సులువు."

"సార్ చెప్పినదాంట్లో పెద్దక్షరం లేదండీ."

పాస్‌వర్డ్ నిబంధనని 'లో' అనే కింది స్థాయికి దించాను. అప్పుడు పొడవొక్కటే చూస్తుంది, ఎనిమిది ఉంటే చాలు.

"ఏడేనండీ" అంది.

"చివర ఒక ఆశ్చర్యార్థకం పెట్టండమ్మా."

పెట్టుకుంది. నిబంధనని మళ్లీ పైకెక్కించాను. మర్నాడు పొద్దున్న, ఆవిడకి లేని రూలు మాకెందుకని గోడౌన్ నుంచి ఫోన్ వచ్చింది. సెక్షను మొత్తం తరఫున ఒక్కడే చేశాడు.