ఇంజను వేడెక్కకముందే ఇల్లొచ్చేస్తోంది

మా రోజుల్లో మిషిగన్‌లో ఉన్న తెలుగువాడికి దగ్గరి ప్రయాణమనేదే ఉండేది కాదు. గుడికి వెళ్లాలంటే పిట్స్‌బర్గ్ పోవాలి. 1970ల చివర్లో అక్కడి పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి వెలిశాక పుట్టువెంట్రుకలకైనా, అక్షరాభ్యాసానికైనా, కొత్త కారు పూజకైనా అక్కడికే. డెట్రాయిట్ నుంచి దాదాపు 300 మైళ్లు. ఫ్రీవే మీద గంటకి 55 మైళ్లు దాటకూడదని 1974లో తెచ్చిన చట్టం నడుస్తున్న కాలం. తెల్లవారుజామునే పులిహోర పొట్లాలు కట్టుకుని బయల్దేరితే ఒహాయో టర్న్‌పైక్ మీదే సగం పూట గడిచేది. కందిపప్పు కావాలన్నా, చింతపండు కావాలన్నా దూరమే. తెలుగు మాట వినాలనిపిస్తే పక్క ఊరు కాదు, పక్క రాష్ట్రం. బండి ఒకసారి కదిలిందంటే ఇంజను గంటలకొద్దీ ఒకే వేగాన, ఒకే వేడి మీద తిరిగేది. ఇంజనుకి అంతకు మించిన వైద్యం లేదు.

ఇప్పుడు చూడండి. డెట్రాయిట్ పక్కన నోవైలోనే వేంకటేశ్వరస్వామి ఉన్నాడు. కాంటన్‌లో గుడి ఉంది. ఇండియన్ స్టోరు రెండు మైళ్లు, కర్రీ పాయింటు మైలున్నర, పిల్లల సంగీతం క్లాసు సందు చివర. ఆఫీసు ఇంట్లోనే మేడ మీద గదిలో. చలికాలం వస్తే స్కూలు బస్సు ఆగే మలుపు దాకా పిల్లాణ్ని కార్లోనే తీసుకెళ్తారు, బస్సు వచ్చేదాకా హీటరు వేసుకుని కూర్చుంటారు. మన జనం పెరిగారు, ఊళ్లు మనవయ్యాయి, అన్నీ గుమ్మం ముందుకి వచ్చాయి. నాకు సంతోషమే. నా బాధంతా ఆ గుమ్మం ముందున్న కారు గురించి. పొద్దున్నించి రాత్రి దాకా దాన్ని అరడజను సార్లు లేపుతారు, ఒక్కసారైనా దాని ఒళ్లు పూర్తిగా వేడెక్కనివ్వరు. పైగా కొనేదేమో టర్బో.

టర్బో మా తరానికి కొత్త కాదు. 1962లోనే జనరల్ మోటార్స్ వాళ్లు రెండు టర్బో కార్లు దింపారు, షెవ్రొలే కోర్వెయిర్ ఒకటి, ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ ఒకటి. జెట్‌ఫైర్‌లో ఇంజను కొట్టుకోకుండా మెథనాల్, నీళ్లు కలిపిన ద్రవాన్ని విడిగా ఒక ట్యాంకులో పొయ్యాలి. జనం పొయ్యలేదు. అది అయిపోతే బండి తన జోరు తనే తగ్గించుకునేది, ఓనరేమో బండి బాగాలేదని షోరూముకి తిరిగేవాడు. చివరికి కంపెనీయే టర్బో పీకేసి మామూలు కార్బురేటర్ బిగించి ఇచ్చే పనికి దిగింది. అరవై ఏళ్ల కిందటి ఈ కథ నేటి కుర్రాళ్లు తెలుసుకోవాలి. యంత్రం మంచిదే. దానికి కావలసింది చేసే మనిషి లేకపోయాడు.

తరవాత 1978లో బ్యూక్ వాళ్ల వీ6 టర్బో వచ్చింది, స్వీడన్ నుంచి సాబ్ 99 టర్బో వచ్చింది. అప్పుడు టర్బో కొన్నవాడు కావాలని కొన్నవాడు. మాన్యువల్ చదివేవాడు. ఇప్పుడు టర్బో అడక్కుండానే వచ్చేస్తోంది. మైలేజీ చట్టాలకి లోబడి ఇంజను చిన్నది చెయ్యాలి, జోరు మాత్రం తగ్గకూడదు. అందుకని 2009 నుంచి ఫోర్డ్ ఎకోబూస్ట్ దారి చూపిస్తే మిగతావాళ్లంతా వెనకే నడిచారు. ఈ దేశంలో అమ్ముడయ్యే కొత్త బళ్లలో మూడో వంతు దాటి టర్బోలే. పిల్లల్ని దించే బండిలో టర్బో ఉందని సగం మందికి తెలియదు. 1.5 లీటర్ల ఇంజను అంత పెద్ద ఎస్‌యూవీని ఎలా లాగుతోందని ఒక్కరూ అడగరు.

నేను చెప్తాను. బయటికిపోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద రెండో చివరనున్న చక్రం గాలిని కుక్కి ఇంజన్లోకి తోస్తుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లు, ఒక్కోసారి రెండు లక్షలు కూడా తిరుగుతుంది. ఒక పక్క ఎర్రగా కాలే పొగ, ఇంకో పక్క బయటి చల్లగాలి, మధ్యలో ఇరుసు తేలుతున్నది పల్చటి ఆయిల్ పొర మీద. ఆ పొర తప్ప దానికి వేరే ఆధారం లేదు. అందుకే టర్బో బండికి ఆయిలే ప్రాణం.

ఆ ఆయిల్ని పొట్టి ప్రయాణాలు ఏం చేస్తాయో ఇంత వివరంగా చెప్పాల్సి వస్తోందంటే అడిగేవాడు లేకనే. ఒక గ్యాలన్ గ్యాసు, అంటే పెట్రోలు, కాలితే దాదాపు ఒక గ్యాలన్ నీళ్లు పుడతాయి. ఎక్కువ భాగం ఆవిరై సైలెన్సర్ గుండా పోతుంది. కొంత మాత్రం పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్లో చేరుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు గ్యాసు కూడా అలాగే దిగుతుంది. ఈనాటి ఇంజన్లు గ్యాసుని నేరుగా సిలిండర్లోకే గట్టి ప్రెషర్‌తో చిమ్ముతాయి. గోడలు చల్లగా ఉంటే ఆ చినుకులు ఆవిరవ్వక గోడకి అంటుకుని, అక్కడున్న ఆయిల్ పొరని కడిగి కింద ఆయిల్ నిలిచే సంపులోకి దిగుతాయి. ఆయిల్ 200 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వేడెక్కి కాసేపు అక్కడే నిలిస్తే నీళ్లూ చాలా వరకు గ్యాసూ ఆవిరైపోతాయి. రెండు మైళ్లకి ఆ వేడి రాదు. జనవరిలో మిషిగన్ చలికి అయిదు మైళ్లకీ రాదు. రేడియేటర్ నీళ్లు వేడెక్కి హీటరు వెచ్చగా కొట్టినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు. అది నీళ్ల కంటే చాలా వెనకబడి ఉంటుంది.

మా కాలంలో చోక్ లాగి స్టార్ట్ చేసినప్పుడూ గ్యాసు ఆయిల్లోకి దిగేది. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ మేము 3,000 మైళ్లకి ఆయిల్ మార్చేసేవాళ్లం. గ్యాసు కొట్టించినప్పుడల్లా హుడ్ ఎత్తి డిప్‌స్టిక్ తీసి చూసేవాళ్లం. ఇప్పుడు ఆయిల్ 10,000 మైళ్లు వస్తుందంటే నమ్మేస్తారు, మధ్యలో ఒక్కసారీ చూడరు.

ఇది నా చాదస్తం అనుకునేవాళ్లు హోండా సంగతి గుర్తు తెచ్చుకోండి. వాళ్ల 1.5 లీటర్ల టర్బో ఇంజన్లో, చలి దేశాల్లో, పొట్టి ప్రయాణాల్లో గ్యాసు ఆయిల్లో చేరి మట్టం పైకి వస్తోందని గొడవ లేచింది. 2018లో చైనాలో కొత్త సీఆర్-వీల అమ్మకం కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది. ఇక్కడ 2017, 18 సీఆర్-వీలకీ, 2016 నుంచి 18 దాకా సివిక్‌లకీ పవర్‌ట్రెయిన్ వారంటీ ఒక ఏడాది పెంచి ఆరేళ్లు చేశారు. చలి రాష్ట్రాల్లో ఇంజను త్వరగా వేడెక్కేలా సాఫ్ట్‌వేర్ మార్చి ఇచ్చారు. ఇంజన్లు కట్టడంలో అంత పేరున్న కంపెనీకే ఇది తప్పలేదు.

మా ఇంట్లోనూ ఇదే చూశాను. బండి ఏ కంపెనీదన్నది అనవసరం. పోయిన శీతాకాలం మా అల్లుడు నా పోరు పడలేక డిప్‌స్టిక్ తీసి చూసి సంబరంగా వచ్చాడు. "ఒక్క చుక్క కూడా తగ్గలేదు మామయ్యగారూ. పై గీత కంటే ఇంకా పైకే ఉంది" అన్నాడు. "ఆయిల్ ఎక్కడైనా పెరుగుతుందా బాబూ? ఒకసారి వాసన చూడు" అన్నాను. చూశాడు. మొహం మారిపోయింది. గ్యాసు స్టేషన్లో నిలబడ్డట్టు గుప్పుమంది. ఆయిల్ పొయ్యడానికి ఉండే మూత విప్పితే లోపల తెల్లగా మీగడలాంటి తడి. విజయవాడ ఆటోనగర్‌లో ఏ మేస్త్రిని అడిగినా బానెట్ ఎత్తగానే చేసే మొదటి పని ఇదే. ఆయిల్ని రెండు వేళ్ల మధ్య రుద్ది జిగట చూస్తాడు, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. కంప్యూటరు లేని ఆ పరీక్ష నేటి బండికీ పనికొస్తుంది. మట్టం తగ్గితే భయపడాలని అందరికీ తెలుసు. పెరిగినా భయపడాలని మా అల్లుడికి ఆ రోజే తెలిసింది. ఆ మధ్యాహ్నమే ఆయిల్ మార్పించాడు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది రిమోట్ స్టార్ట్. వంటింట్లో కాఫీ కలుపుకుంటూ బొత్తాం నొక్కుతారు, డ్రైవ్‌వేలో బండి పావుగంట ఊరికే తిరుగుతుంది. వార్మప్ అట! లోడు లేకుండా నిలబెట్టి తిప్పితే ఇంజను నెమ్మదిగా వేడెక్కుతుంది. అంతసేపూ చల్లటి గోడల మీద ఎక్కువ గ్యాసు పడుతూనే ఉంటుంది. కడుపులోకి గ్యాసు పోసి పోసి అప్పుడు మైలున్నర నడిపి ఆపేస్తారు. అద్దాల మీద మంచు గీకేంత సేపు, సీటు బెల్టు పెట్టుకునేంత సేపు తిరిగితే చాలు. ఆ తరవాత మెల్లగా నడపడమే అసలైన వార్మప్. మొదటి అయిదారు మైళ్లు యాక్సిలరేటర్ మీద పాదం తేలికగా ఉండాలి. సందు మలుపు తిరగ్గానే ఫోర్డ్ రోడ్ మీదికి దూకించి తొక్కితే, చిక్కగా ఉన్న చల్లటి ఆయిల్ మీద టర్బోని లక్ష చుట్లు పరిగెత్తించడమే.

1980ల్లో టర్బో ఉన్నవాళ్లకి వేరే నియమం ఉండేది. ఫ్రీవే దిగి ఇంటికొచ్చాక ఒకటి రెండు నిమిషాలు ఇంజను తిరగనిచ్చి ఆపాలి. లేకపోతే కాలుతున్న బేరింగులో ఆయిల్ మాడి బొగ్గు కట్టేది. తరవాత టర్బో చుట్టూ నీళ్లు తిప్పడం మొదలయ్యాక ఆ బెడద చాలా తగ్గింది. అప్పుడు మేము ఆఖరి నిమిషం కాచుకునేవాళ్లం. సందుల్లో తిరిగే ఈనాటి బండికి కాచుకోవాల్సింది మొదటి పది నిమిషాలు. ఇది ఎవరూ పిల్లలకి చెప్పలేదు. అమ్మినవాడూ చెప్పలేదు.

అమ్మినవాడు చెప్పకపోయినా పుస్తకంలో రాసి ఉంది. గ్లవ్ బాక్సులో ప్లాస్టిక్ కవరు కూడా విప్పని ఆ మాన్యువల్ తియ్యండి. "సివియర్" అనే పేజీ ఉంటుంది. ఆ మాట చూసి ఎడారిలోనో కొండల మీదో ట్రెయిలర్ లాగేవాళ్ల సంగతనుకుంటారు. కాదు, మీ సంగతే. చాలా మాన్యువళ్లు 5 మైళ్ల లోపు ప్రయాణాలనీ, గడ్డకట్టే చలిలో అయితే 10 మైళ్ల లోపు ప్రయాణాలనీ ఆ పద్దులోనే వేస్తాయి. స్క్రీను మీద ఆయిల్ ఇంకా 60 శాతం ఉందని చూపిస్తోందంటారు. ఆ లెక్క కట్టే ప్రోగ్రాములు చలినీ, ప్రయాణం పొడుగునీ కొంతవరకు చూస్తాయి, కాదనను. కానీ చాలా బళ్లలో అది అంచనాయే. ఆయిల్ని ముట్టుకుని చెప్పే మాట కాదు. ఇలా వాడే బండికి మైళ్లు లెక్కపెట్టడం దండగ. చల్లగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు లేపారో అది లెక్క. ఏడాదికి 4,000 మైళ్లే తిరిగినా ఆరు నెలలకోసారి ఆయిల్ మార్చండి. ఒకసారి సరిగ్గా నవంబరులో, చలి ముదిరేలోపు. వారంటీ ఉన్నన్నాళ్లూ రసీదులు దాచండి.

ఏ ఆయిల్ పడితే అది పొయ్యకండి. చిన్న టర్బో ఇంజన్లలో తక్కువ స్పీడులో గట్టిగా తొక్కినప్పుడు గ్యాసు వేళకి ముందే అంటుకుని పిస్టన్ని పగలగొట్టే జబ్బు ఒకటుంది. ఆయిల్లో కలిపే కాల్షియం డిటర్జెంటుకీ దానికీ సంబంధం ఉందని తేలాక 2020లో ఏపీఐ ఎస్‌పీ అనే కొత్త ప్రమాణం తెచ్చారు. డబ్బా మీద కనీసం ఆ ప్రమాణమైనా ఉందో లేదో చూడండి. 0డబ్ల్యూ-20 అని మూత మీద రాసి ఉంటే అదే పొయ్యండి.

ఇక అందరికీ చెప్తున్నది ఒకటే. వారానికోసారి బండిని ఫ్రీవే ఎక్కించండి. ఐ-96 మీద లాన్సింగ్ వైపో, ఎం-14 మీద ఆన్ ఆర్బర్ వైపో, ఇంజను పూర్తిగా వేడెక్కాక కూడా ఇంకో అరగంట నిలకడగా నడపండి. ఆయిల్లోని నీళ్లు పోతాయి, సైలెన్సర్లో నిలిచిన తడి ఆరుతుంది, బ్యాటరీ నిండుతుంది. బజారు పని, గుడి, పిల్లల క్లాసు మూడు చల్లటి స్టార్టులుగా కాకుండా ఒకే చుట్టుగా వేసుకోండి. మా వాళ్లు కొత్తిమీర కోసం ఒకసారి, మర్చిపోయిన పెరుగు కోసం ఇంకోసారి స్టార్ట్ చేస్తుంటే నా ప్రాణం గిలగిల్లాడుతుంది. వాతావరణం బాగున్న రోజున మైలు దూరం నడవచ్చు. ఎలాగూ డాక్టరు నడవమనే చెప్తున్నాడు. ఇవేవీ కుదరవంటే, ఏడాది పొడుగునా మీది రెండు మైళ్ల బతుకే అయితే, అసలు టర్బో కొనకండి. కరెంటు బండి కొనుక్కోండి. అందులో పాడవడానికి ఇంజనాయిలే ఉండదు.

కంపెనీలని కూడా వదలను. పాత బళ్లలో ఆయిల్ ప్రెషర్‌కి ముల్లు ఉండేది, నీళ్ల వేడికి ముల్లు ఉండేది. ఇప్పుడు కొన్ని బళ్లలో చల్లగా ఉందని చెప్పే నీలం దీపం తప్ప ఇంకేం లేదు, అది కూడా నీళ్ల సంగతే చెప్తుంది. గోడంత స్క్రీను పెట్టి అందులో ఆటలు, సినిమాలు ఇస్తారు, ఆయిల్ ఎంత వేడెక్కిందో చూపించడానికి అందులో చోటు దొరకలేదు. బీఎండబ్ల్యూ లాంటి వాళ్లయితే చాలా మోడళ్లలో డిప్‌స్టిక్కే తీసేశారు. మట్టం సెన్సారు చెప్తుందంటారు, వాసన ఏ సెన్సారు చూస్తుంది? టర్బోని ఇంటింటికీ అంటగట్టినవాళ్లు ప్రతి బండికీ ఆయిల్ వేడి చూపించే అంకె ఒకటి డ్రైవరు కళ్లెదురుగా పెట్టాలి. పది డాలర్లు కూడా చెయ్యని ఆ ఇనుప పుల్లని దాని చోట మళ్లీ పెట్టాలి.