ఆయిల్ బాబాయి

కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు, పాల్వంచ, సారపాక. వీటిల్లో ఏ ఊరి కాలనీకైనా వెళ్లండి, ఒక గుడి, ఒక కిరాణా కొట్టు, ఒక ఆయిల్ బాబాయి కచ్చితంగా ఉంటారు. గుడికి దేవుడి పేరుంటుంది, కొట్టుకు ఓనరు పిల్లల పేరుంటుంది. బాబాయి అసలు పేరు మాత్రం పింఛను కాయితాల్లో తప్ప ఎక్కడా కనపడదు. బొగ్గుబాయిలోనో, థర్మల్ స్టేషన్లోనో, పేపరు మిల్లులోనో ముప్ఫయ్యేళ్లకు పైగా ఫిట్టరుగా చేసి దిగిపోయిన మనిషి ఆయన. ఉద్యోగం ఆయన్ను వదిలింది గాని, ఆయన నూనెడబ్బాను వదల్లేదు.

గుర్తుపట్టడం తేలిక. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు ఉంటుంది. భుజం మీది తువ్వాలు మూడు మూలలు తెల్లగా, ఒక మూల నల్లగా ఉంటుంది. చేతిలో పొడుగు ముక్కు డబ్బా. దాని అడుగున బొటనవేలితో నొక్కితే టిక్కుమని ఒక చుక్క పడుతుంది. ఆ టిక్కు వినపడిందంటే వీధిలో ఎవరి గేటుకో, ఎవరి సైకిలు చైనుకో, ఎవరి మంచం బోల్టుకో మోక్షం వచ్చినట్టే. మీ తలుపు కిర్రుమంటే ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టదు. తెల్లారేసరికి మీ గడపలో నిలబడి, “రాత్రి రెండింటికి ఎవరు లేచార్రా? పైబందు ఎండిపోయింది” అంటాడు. లేచింది ఎవరో చెప్పుకోవడం ఆ ఇంటివాళ్ల ఇబ్బంది.

ఇంత భక్తి ఊరికే రాలేదు. ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైంది 1889లో. అప్పటినుంచి ఈ నేల మీద ఇనుము ఇనుమును రాసుకుంటూనే ఉంది. బాయిలో బొగ్గు టబ్బులు లాగే హాలేజీ చక్రానికి గ్రీజు తక్కువైతే టబ్బులు ఆగుతాయి, టబ్బులు ఆగితే షిఫ్టు ఆగుతుంది, షిఫ్టు ఆగితే మేనేజరు నోరు ఆగదు. అందుకని రుద్దుకునే చోట నూనె పడాలి అన్న ఒక్క సూత్రం మీద ఆయన సర్వీసంతా గడిచింది. చిక్కల్లా ఏమిటంటే, రిటైరయ్యాక ఇంట్లో హాలేజీ లేదు. ఉన్నది పిన్ని కుట్టుమిషను.

అది మామూలు మిషను కాదు. నల్లటి ఒంటి మీద అరిగిపోయిన బంగారు రంగు అక్షరాల సింగర్. పిన్నికి పుట్టింటివాళ్లు పెట్టిన సొత్తు. దాని అడుగు పలక మీది నంబరు ముందున్న ఇంగ్లిషు అక్షరాలు చూసి అది స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ సరుకని బాబాయి తేల్చేశాడు. వచ్చినవాళ్లందరికీ చెప్పే మాట ఒకటే: “ఆ ఫ్యాక్టరీ 1885లో తెరిచారు, 1980లో మూసేశారు. ఫ్యాక్టరీ పోయింది, మన మిషను నడుస్తోంది. ఎందుకు?” జవాబు కోసం ఆగడు. డబ్బా టిక్కుమనిపిస్తాడు. వినేవాడు ఇంకా కదలకపోతే గాంధీగారిని దింపుతాడు. యంత్రాలంటే పడని మహాత్ముడు 1924లో సింగరు కుట్టుమిషనుకు మాత్రం మినహాయింపు ఇచ్చాడు, అది నిజమే. ఆ మినహాయింపులో నూనె వాటా ఎంతో గాంధీగారు చెప్పలేదు కాబట్టి, అది బాబాయి చెబుతాడు. పొరుగింటివాళ్లది ఉషా మిషను. దాని గురించి అడిగితే, “కలకత్తాది. మంచిదే. స్వదేశీ” అని మూడు ముక్కల్లో తేల్చేస్తాడు. అల్లుడి తమ్ముణ్ని పరిచయం చేసేటప్పుడు కూడా అంతే గౌరవం చూపిస్తాడు.

పిన్ని ఆ మిషను మీదే ఇద్దరు పిల్లల్ని చదివించింది. కాలనీ ఆడవాళ్ల జాకెట్లు, బడి యూనిఫారాలు, పరికిణీలు, దిండు గలీబులు అన్నీ ఆమె చేతి మీదుగా పోయినవే. మోకాళ్లు నొప్పి మొదలయ్యాక కాళ్ల మిషనుకు మోటారు బిగించారు. చక్రం వెనక పిడికిలంత మోటారు, దాన్నుంచి చక్రానికి సన్న బెల్టు, కింద కాలితో నొక్కే పెడలు. బాబాయి పాలిట పండగ ఆ రోజే వచ్చింది. అంతవరకు మిషనులో రుద్దుకునే చోట్లే ఉన్నాయి, ఇప్పుడు గిర్రున తిరిగే చోటు కూడా వచ్చింది.

సింగరేణి బొగ్గుబాయిల్లో వారం సెలవును ప్లేడే అంటారు. పిన్ని మిషనుకు ఆ సెలవు ఎన్నడూ దొరకలేదు. ఆదివారం టిఫిను కాగానే బాబాయి కింద పాత పేపరు పరిచి కూర్చునేవాడు.

“ఏందే, మిషను మూలుగుతోంది?”

“మూలిగేది మిషను కాదు, రేపటికి ఎనిమిది జాకెట్లు ఇవ్వాల్సిన నేను. లేవండి అక్కణ్నుంచి.”

“ఒక్క చుక్కే.”

“మీ ఒక్క చుక్క ఎంతుంటదో నాకు తెల్వదా? పోయినసారి వేసిన ఒక్క చుక్క లక్ష్మీవారం దాకా కారింది.”

ఆమె కోపంలో న్యాయం ఉంది. మిషను తలకాయకు నూనె కావాల్సిందే, అందులో అనుమానం లేదు. పైన ఉన్న బొక్కల్లో, సూది కడ్డీ దగ్గర, కింద వంచి చూస్తే కనిపించే కీళ్లలో, షటిల్ తిరిగే గాడిలో ఒక్కో చుక్క చాలు. రోజంతా కుట్టే మిషనైతే రోజూ వెయ్యాలి, ఎప్పుడో ఒకసారి కుట్టేదైతే కుట్టబోయే ముందు వెయ్యాలి. ఆ తర్వాత చక్రం నాలుగు చుట్లు తిప్పి, పాత గుడ్డ మీద రెండు బారల కుట్టు వేసి, గుడ్డకు మరక అంటడం లేదని చూసుకున్నాకే అసలు బట్ట పెట్టాలి. ఈ చివరి మెట్టు బాబాయి శాస్త్రంలో లేదు. శ్రీరామనవమి వారం ఉందనగా భద్రాచలం కల్యాణానికి కట్టుకెళ్లాల్సిన పట్టుచీర జాకెట్టు మీద, సరిగ్గా వీపు మధ్యలో, రూపాయి బిళ్లంత మరక పడింది. పిన్ని దాని మీద పౌడరు చల్లి, పైన కాయితం వేసి, గోరువెచ్చటి ఇస్త్రీ పెట్టి, మళ్లీ పౌడరు చల్లి, ఒక పూటంతా దాన్ని బతిమాలింది. బాబాయి పక్కనే నిలబడి, “నూనె మంచిదే, బట్ట పీల్చుకుంది” అన్నాడు. ఆ రాత్రి ఆయనకు అన్నం ఎవరు పెట్టారో చరిత్రకు అందలేదు.

నూనె ఎక్కువ వేస్తాడే గాని, ఏ నూనె పడితే అది వెయ్యడు. అక్కడ ఆయన శంకరాచార్యుడంత కచ్చితం. మిషను నూనె నీళ్లలా పల్చగా, రంగు లేకుండా ఉండాలి. కొబ్బరినూనె వేసే ఇల్లు కనపడితే గుమ్మంలోనే ప్రసంగం మొదలు. అది చలికి గడ్డకడుతుంది, పాతబడితే దారపు నూగుతో కలిసి జిగురవుతుంది. దుమ్ముగూడెం వైపు అడవి ఊళ్లో ఒకరింట్లో ఇప్పనూనె వేశారు. ఇప్ప గింజలు ఆ ఊళ్లలో ఇంటి సరుకు, నూనె కొనే పని లేదు. వేసవంతా మిషను బ్రహ్మాండంగా నడిచింది. పుష్యమాసం వచ్చేసరికి ఇప్పనూనె వెన్నలా పేరుకుని, తెల్లారుజామున చక్రం ఇద్దరు పట్టినా కదల్లేదు. బాబాయి వెళ్లి, నాడి పట్టి చూసినట్టు చక్రం మీద చెయ్యి వేసి, “దీనికి చలి పెట్టింది. ఎండలో పెట్టండి” అన్నాడు. ఎండ తగిలాక కదిలింది. కిరసనాయిలుతో కీళ్లన్నీ కడిగి, తుడిచి, ఆరబెట్టి, అసలు నూనె వేసి వచ్చాడు. ఆ ఊళ్లో ఇప్పటికీ ఆయన్ను మిషను డాక్టరనే అంటారు. ఫీజు కింద ఇచ్చిన తేనెసీసా ఇంట్లో అలమారలో, నూనెసీసా పక్కనే ఉంది. పిన్ని ప్రతిసారీ వాసన చూసి గాని తియ్యదు.

ఇక మోటారు సంగతి. దాని రెండు చివరలా ఇరుసు తిరిగే బుష్షు పక్కన ఆవగింజంత బొక్క ఉంది. ఏడాదికి ఒకటో రెండో చుక్కలు అడిగే బొక్క అది. బాబాయి దానికి వారంవారం నైవేద్యం పెట్టాడు. మోటారు పాపం నోరు విప్పలేదు. కొన్నాళ్లకు బెల్టు జారడం మొదలైంది. నూనె తగిలిన రబ్బరు జారుతుందని తెలుసుకోకుండా బెల్టును ఇంకా లాగి బిగించాడు. బిగించేసరికి ఇరుసు మీద బరువు పడి మోటారు కాలడం మొదలైంది. కాలుతోందంటే ఎండిపోయిందని అర్థం చేసుకుని ఇంకో నాలుగు చుక్కలు పోశాడు. చివరికి ఒక సాయంత్రం లోపల నీలం మంటలు కనపడి, ఇల్లంతా కాలిన వాసన కమ్ముకుంది.

పిన్ని మోటారును చీరకొంగులో మూటగట్టుకుని ఖమ్మం వెళ్లింది. రిపేరు కొట్టు కుర్రాడు రెండు స్క్రూలు విప్పి మూత తీశాడు. బల్ల మీద నల్లటి మడుగు కట్టింది.

“అమ్మా, ఇది మోటారా, ఆవకాయ జాడీనా?”

వెనకే నిలబడ్డ బాబాయి గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు.

కుర్రాడు వివరంగానే చెప్పాడు. లోపల తిరిగే ఆర్మేచరు చివర రాగి రేకుల కమ్యుటేటరు ఉంటుంది. రెండు వైపులా కార్బన్ బ్రష్షులు దాన్ని ఒరుసుకుంటూ కరెంటు అందిస్తాయి. ఈ ఒక్క చోట రుద్దుకునేది పొడిగానే రుద్దుకోవాలి. నూనె అక్కడికి చేరితే కార్బన్ పొడితో కలిసి నల్లటి ముద్దవుతుంది, మంటలు రేగుతాయి, తీగల మీది పూత చెడుతుంది. సన్నగా ఒక నీలం మెరుపు కనిపిస్తే భయం లేదు, కమ్యుటేటరు చుట్టూ నిప్పు చక్రంలా తిరిగితే మాత్రం వెంటనే ఆపెయ్యాలి. మోటారులన్నీ ఒక్క తీరువి కావు. కొన్ని పాత సింగరు మోటార్లకు గ్రీజు గొట్టాలుంటాయి. వాటిలో గ్రీజే పెట్టాలి, నూనె పోస్తే తీగల్లోకి దిగిపోతుంది. కొత్తవాటికి కొన్నింటికి ఏమీ అక్కర్లేదు, బుష్షులు నూనె పీల్చుకునే వస్తాయి. చేతనైతే బ్రష్షు బయటికి తీసి ఎంత అరిగిందో చూసుకోవచ్చు, తిరిగి పెట్టేటప్పుడు దాని వంపు ఎటు ఉందో అటే పెట్టాలి. బెల్టు మధ్యలో వేలితో నొక్కితే కాస్త లోపలికి పోవాలి, తీగలా మోగకూడదు.

బాబాయి ఒక్క మాట మాట్లాడలేదు. ముప్ఫయ్యేళ్ల సూత్రానికి ఒక మినహాయింపు ఉందని ఒక మీసాలు రాని కుర్రాడు చెప్పడం, అదీ పిన్ని ఎదురుగా, చిన్న విషయం కాదు. తిరుగు బస్సులో ఇల్లందు దాటాక మాత్రం నోరు తెరిచాడు.

“ఎవడో బుద్ధిలేనోడు మోటారులో నూనె పోశాడే.”

పిన్ని కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకుంది.

ఆ రోజునుంచి బాబాయికి కొత్త మతం వచ్చింది. మతం మారినవాడికి ఉత్సాహం ఎక్కువ. వీధి వీధీ తిరిగి, “మోటారుకు నూనె ముట్టించారో, జాగ్రత్త!” అని హెచ్చరిస్తున్నాడు. మిక్సీ మోటారు, టేబులు ఫ్యాను, నీళ్ల మోటారు, దేనికి వెయ్యాలో దేనికి వెయ్యకూడదో అడగనివాళ్లకు కూడా చెబుతున్నాడు.

ఆ కొత్త మతం 2022 జులైలో నిజంగా అక్కరకొచ్చింది. భద్రాచలం దగ్గర గోదావరికి 53 అడుగుల దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడు నది 71.3 అడుగులు ఎక్కింది. 1986 నాటి 75.6 అడుగులు చూసిన ముసలివాళ్లకు తప్ప ఎవరికీ అంత నీళ్లు ఎరుక లేదు. వరద తీశాక బాబాయి సంచీ సర్దుకుని భద్రాచలం బయల్దేరాడు. భద్రాచలం రోడ్డు అని బోర్డున్న స్టేషను వాళ్ల కొత్తగూడెంలోనే ఉంది, భద్రాచలం మాత్రం ఇంకా నలభై కిలోమీటర్లు. అటక మీదికి ఎక్కించిన మిషన్లు బతికాయి. ఎక్కించలేనివి ఒండ్రులో కూరుకుపోయాయి. షటిల్ తీస్తే గాడి నిండా మట్టి, బాబిన్ మీది దారం మట్టిముద్ద. మోటార్లు విప్పించి, బ్రష్షులు తీయించి, మూతలు తెరిచి నీడన వరసగా పెట్టించాడు. “పూర్తిగా ఆరి, మెకానిక్కు చూసిందాకా ఎవరైనా ప్లగ్గు పెడితే చేతులు విరుస్తా” అన్నాడు. తలకాయలకు కిరసనాయిలు, ఆపైన నూనె. మోటార్లకు ఒక్క చుక్క లేదు. పట్టణం దాటి కాస్త పోతే ఎటపాక, 2014 నుంచి అది ఆంధ్ర. అక్కడివాళ్లూ పిలిస్తే వెళ్లాడు. “రాష్ట్రం మారితే నూనె మారుద్దా?” అన్నాడు.

ఆయన్ను చూసి నవ్వుకునేవాళ్లం మనమే, తలుపు కిర్రుమంటే ముందుగా పిలిచేదీ మనమే. మీ ఇంట్లో మూల పడేసిన నల్ల మిషను ఉంటే, దాని మీది పూలకుండీ దించి, గుడ్డ తీసి, కీళ్లకు ఒక్కో చుక్క వెయ్యండి. మోటారు ఉంటే ముందు ప్లగ్గు పీకండి, దుమ్ము దులపండి, అది గ్రీజుదో నూనెదో ఏమీ అక్కర్లేనిదో తెలిసినవాణ్ని అడగండి. తెలిసినవాడు మీ కాలనీలోనే ఉన్నాడు. పిలిస్తే టీ చుక్కకే వస్తాడు. కాకపోతే, ఆయన వచ్చే ముందు కుట్టాల్సిన పట్టుబట్టలు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసుకోండి.