బొగ్గు బాయికి ఓడ బొగ్గు

2022 మే. ఎండలు మండాయి, కరెంటు వాడకం పెరిగింది, ప్లాంట్ల దగ్గర బొగ్గు కుప్పలు తరిగాయి. కేంద్ర విద్యుత్ శాఖ చిట్కా చెప్పింది: ప్రతి జెన్‌కో (విద్యుదుత్పత్తి సంస్థ) 10 శాతం విదేశీ బొగ్గు కలపాలి.

మరి గోదావరిఖని, బెల్లంపల్లి నేల కింద ఉన్నదేమిటో! నల్ల ఉప్పు కాబోలు.

అక్కడ బొగ్గు తవ్వే సింగరేణిలో కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. సొంత దుకాణం మూసి ఉందనుకున్నారేమో.

ఇండోనేషియాలో ఓడెక్కి, విశాఖలో దిగి, రైలెక్కి, దారిపొడవునా సింగరేణి వ్యాగన్లకు దండం పెట్టుకుంటూ రావాలి ఆ అతిథి బొగ్గు. ధర మాత్రం అడగొద్దు. యుద్ధం ఉక్రెయిన్‌లో, బిల్లు ఉట్నూరులో!

తెలంగాణ ప్రభుత్వం కస్సుమంది. ఆగస్టులో ఢిల్లీ మెత్తబడింది: ఎంత కలపాలో మీరే చూసుకోండి.

హమ్మయ్య అనుకున్నారా? 2023 జనవరిలో మళ్లీ ఉత్తర్వు: 6 శాతం. సెప్టెంబరులో 4.

మంచిర్యాల కూరగాయల మార్కెట్లో అవ్వలు కూడా ఇంత త్వరగా దిగిరారు. ఇంకొంచెం బేరమాడండి సార్, సున్నాకే ఇస్తారు!