కటాఫ్ బాబాయి

చెన్నైలో తెలుగువాళ్ళున్న అపార్ట్‌మెంటు ఏదైనా సరే, అందులో ఒక కటాఫ్ బాబాయి ఉంటాడు. రైల్వేలోనో బ్యాంకులోనో చేసి రిటైరైన మనిషి. సొంత పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు కాబట్టి సలహాలన్నీ ఇరుగుపొరుగు పిల్లల పాలిట పడతాయి. ఏడాదిలో ఎక్కువ భాగం ఉలుకూ పలుకూ ఉండదు. ప్లస్ టూ ఫలితాలు వచ్చాయంటే చాలు, ఆయన్ను పట్టలేం.

లెక్క ఆయన మొదటి లక్షణం. మాథ్స్‌కు 100, ఫిజిక్స్‌కు 50, కెమిస్ట్రీకి 50, వెరసి 200కి కుర్రాడి కటాఫ్ ఎంతో, వాళ్ళమ్మ కాఫీ తెచ్చేలోపు నోటితోనే తేల్చేస్తాడు. గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఏ బ్రాంచి ఎంత దగ్గర ఆగిందో పంచాంగంలా అప్పజెబుతాడు. వాడికి ఏది ఇష్టమో అడగడం మాత్రం ఆ పంచాంగంలో లేదు.

కుర్రాడు తనంతట తానే గాలి కరెంటు, ఎండ కరెంటు వైపు పోతానంటే బాబాయి కాసేపు తడబడి, "అయితే రెన్యూవబుల్ ఎనర్జీ అని పేరున్న డిగ్రీయే చెయ్యరా" అంటాడు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఆ రంగంలో పని పాత బ్రాంచీలవాళ్ళే పంచుకున్నారు. ఇన్వర్టరు, గ్రిడ్డు ట్రిపుల్ ఈ వాళ్ళవి. గాలిమర రెక్కలు, గేర్‌బాక్సు మెకానికల్ వాళ్ళవి. పునాది సివిల్‌ది, బ్యాటరీ కెమికల్‌ది. రేపటి గాలి ఎంతో అంచనా కట్టడానికి కంప్యూటర్లవాళ్ళు ఉండనే ఉన్నారు. ముందు ఒక బ్రాంచిలో గట్టిపడి, ఎనర్జీ ఇంజినీరింగును ఎం.ఇ.కి ఉంచుకోవడం మేలు.

ఎటూ తేలనప్పుడు బాబాయి "ట్రిపుల్ ఈ పడెయ్, కరెంటు బోర్డులో ఉద్యోగం ఎక్కడికి పోతుంది" అని తీర్పు చెబుతాడు. తీర్పు సబబే, కారణమే తప్పు. అసలు కారణం వేరే. ముప్పందల్ గాలిమరలకు గాలి జోరంతా నైరుతి రుతుపవనాల నెలల్లోనే. కముది సోలార్ ప్లాంటు, 648 మెగావాట్లది, పొద్దుగూకితే పడుకుంటుంది. ఇలా వచ్చిపోయే కరెంటును గ్రిడ్డులో నిలకడగా నడపడమే అసలు చిక్కు. అది ఎలక్ట్రికల్ వాళ్ళ పని.

ఆయన శాస్త్రజ్ఞానం వేరే ముచ్చట. "మన చెన్నై ఎండకు సోలార్ ప్లేట్లు ఇరగదీస్తాయి" అంటాడు. ప్లేటుకు కావలసింది వెలుగు, వేడి కాదు. ప్లేటు వేడి 25 డిగ్రీలు దాటితే డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం దాకా ఉత్పత్తి పడిపోతుంది. మే నెలలో మేడ మీద 60 డిగ్రీలకు కాగిన ప్లేటు పదో వంతు పోగొట్టుకుంటుంది. 1998లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పవన విద్యుత్ సంస్థ పళ్లికరణైలో ఉంది. తాంబరం బస్సులో దాని ముందు నుంచే వెళ్తూ, అది వాతావరణం వాళ్ళ ఆఫీసని పక్కవాడికి చూపిస్తాడు.

సొంతింటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకుంటే కేంద్రం 78,000 రూపాయలు సబ్సిడీ ఇస్తుందని అందరికీ చెప్పేదీ ఆయనే. తమ అపార్ట్‌మెంటు మేడ మీద ప్లేట్లు పెడదామని అసోసియేషన్లో మాట వచ్చినప్పుడు అడ్డం పడిందీ ఆయనే. పిన్నిగారు వడియాలు పెట్టుకోవద్దూ?