రాయి కావలెను

కారు అడుగున ప్లాస్టిక్ షీటొకటి ఊడి, స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా గరగరమంటోంది. ఆ చప్పుడు గురించి కారున్నవాళ్లకి చెప్పక్కర్లేదు, లేనివాళ్లు అదృష్టవంతులు. షెడ్డుకెళ్తే "బండి వదిలేసి వెళ్లండి సార్" అంటారు. ఆ మాట ఖరీదు నాకు తెలుసు. అందుకని నేనే దూరి బిగిద్దామనుకున్నాను.

డిక్కీలో స్టెప్నీ పక్కన జాకీ ఉంది. అది టైరు మార్చడానికే, దాన్ని నమ్మి బండి కిందికి దూరొద్దని కంపెనీవాడు బొమ్మ వేసి మరీ చెప్పాడు. దూరాలంటే జాకీతో లేపి, స్టాండ్ల మీద దించాలి.

"స్టాండ్లెందుకు దండగ? నాలుగు సిమెంటు ఇటుకలు పెట్టు, ఏం కాదు" అన్నారు పై ఫ్లోర్ అంకుల్. ఆ బోలు ఇటుకలకి గోడలో ఉన్నంతవరకే బలం. బరువంతా ఒక్కచోట పడితే చెప్పాపెట్టకుండా పగులుతాయి. చిన్న కారైనా 800 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది.

"హ్యాండ్ బ్రేకు వేశావుగా!"

వేశాను అంకుల్. చాలా కార్లలో అది పట్టేది వెనక చక్రాల్నే. నేను లేపాల్సిందీ వెనకవైపే. గాల్లో ఉన్న చక్రాన్ని పట్టుకుని ఏం లాభం? నేల మీదున్న ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాలి.

అక్కడొచ్చింది చిక్కు. హైదరాబాదు 250 కోట్ల ఏళ్లనాటి బండల మీద కూర్చున్న ఊరు. ఈ ఊళ్లో చక్రానికి అడ్డం పెట్టడానికి రాయి దొరకదు! ఉన్నవన్నీ పేల్చి కంకర చేశారు, మిగిలినవి కోసి వంటగది గట్లు చేశారు. ఆ గ్రానైటు ముక్కలు సెల్లారు టైల్స్ మీద చక్రంకంటే ముందు జారతాయి. వాచ్‌మన్ దగ్గర మూడు రాళ్లున్నాయి గానీ వాటి మీద అన్నం ఉడుకుతోంది. వేపచెట్టు కింద ఒకటి సరిగ్గా సరిపోయేదే. దగ్గరికెళ్తే పసుపూ కుంకుమా పెట్టి ఉంది, దణ్ణం పెట్టుకుని వచ్చేశాను. ఇక మిగిలింది హైవే. అక్కడ రాళ్లకి కొదవలేదు. ఆగిపోయిన లారీ చుట్టూ బండలు పేరుస్తారు, బాగయ్యాక లారీ వెళ్తుంది, బండలు ఉంటాయి. రాత్రి స్కూటర్ మీద వచ్చేవాడి కోసం కాబోలు.

చివరికి షెడ్డుకే తీసుకెళ్లాను. మేస్త్రీ జాకీ తిప్పాడు. పద్దెనిమిదేళ్లు నిండాయో లేదో తెలియని కుర్రాడు పాత ఎన్నికల ఫ్లెక్సీ పరుచుకుని కిందికి పాకాడు. స్టాండు లేదు, రాయి లేదు.

"స్టాండ్ పెట్టరా?" అన్నాను.

"ఏం కాదు సార్, రోజూ చేసేదే."

అంకుల్ అన్నదీ అదే. ఏం కాదనేవాళ్లు ఎప్పుడూ బయటే నిలబడి ఉంటారు. ఇప్పుడు నేనూ బయటే ఉన్నాను. నా చప్పుడు పోవాలి, కాబట్టి బండి దించమని గట్టిగా అనలేదు కూడా.

కుర్రాడు తల బయటపెట్టి, "క్లిప్పు మంచిగనే ఉంది సార్, బోల్టు పోయింది" అన్నాడు.