పిల్లి షుగరు పెద్దమనిషి

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో అక్కడక్కడా కనిపించే ఈ పెద్దమనిషి ట్రెజరీలోనో రెవెన్యూలోనో రిజిస్టర్లు రాసి రిటైరై ఉంటాడు. ఆయన పిల్లీ అంతే: ఆపరేషనైన గండుపిల్లి, బాగా బలిసింది, గడప దాటదు.

అది గిన్నెలకొద్దీ నీళ్లు తాగి, మంచం కింద మడుగులు చేసి, ఎంత మెక్కినా చిక్కిపోతుంటే ఇంట్లోవాళ్లు దిష్టి తీస్తారు. వెనక మడమలు నేలకానించి నడిచేసరికి ఆయన దాన్ని బుట్టలో పెట్టుకుని గరివిడి పశువైద్య కళాశాలకు బయల్దేరతాడు. బెదురుకే పిల్లి రక్తంలో చక్కెర పెరుగుతుంది గనక అక్కడ ఒక్క పరీక్షతో తేల్చరు. మూత్రం, కొన్ని వారాల చక్కెర తీరు చెప్పే ఫ్రక్టోజమైన్ కూడా చూసి షుగరేనని తేలుస్తారు. ఈ సంగతిని ఆయన ఆ తర్వాత ప్రతి పెళ్లి పంక్తిలోనూ పక్కవాడి పప్పు చల్లారేదాకా వివరిస్తాడు.

పెళ్లిళ్లకు వెళ్లడమూ తగ్గుతుంది. ఇన్సులిన్ పన్నెండు గంటలకోసారి, తిండి వేళకే పొడవాలి. ఉదయం ఆరుకూ సాయంత్రం ఆరుకూ మధ్య పలాస వెళ్లి రాగలిగే ముహూర్తాలకే ఆయన అక్షింతలు.

సిరంజి దగ్గర మాత్రం ఆయన చాదస్తం న్యాయమే. ఎర్రమూతది మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందుకు, నారింజమూతది 100 యూనిట్ల మందుకు. 100 రకం గ్లార్జిన్ ఇన్సులిన్‌ను ఎర్రమూత సిరంజితో కొలిస్తే డోసు రెండున్నర రెట్లవుతుంది. చక్కెర పడిపోయి పిల్లి తూలినా వణికినా చిగుళ్లకు పంచదార పాకం రాసి డాక్టరుకు ఫోను చెయ్యాలి. తిండి ముట్టని పూట డాక్టర్ని అడక్కుండా మామూలు డోసు ఇవ్వకూడదు.

చెవి అంచుకు కాపడం పెట్టి, గుచ్చి, బొట్టు స్ట్రిప్పుకు అందిస్తాడు. అంకె రిజిస్టరుకెక్కుతుంది. మనుషుల మీటరు పిల్లికి తరచు తక్కువ చూపిస్తుందని రిమార్కుల గడిలో నోటు. తన సొంత షుగరు ఎప్పుడు చూపించుకున్నాడో ఏ గడిలోనూ ఉండదు.

పాలన్నం బంద్. ఉప్పు లేని ఉడికించిన చేప, కోడిమాంసం. వాటిలో లోపించే పోషకాలకు డాక్టరు రాసిచ్చిన మందు.

"మడిసికి నేని పత్తెం పిల్లికేటి బాబూ?" అంటుంది చేపలమ్మి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లను చూసినవాడు గనక, ఫ్రిజ్ ఆగితే ఇన్సులిన్ దాచడానికి తడి ఇసుకలో ఓ కుండ సిద్ధంగా ఉంచుతాడు.

తొందరగా వైద్యం మొదలై, తిండి కుదిరితే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే తీరిపోతుంది. షుగరు మళ్లీ రావచ్చు గనక పరీక్షలు మానకూడదు. ఏమైనా సూదులకు సెలవు. ఆ పూట ఆయన స్వీటు తెప్పిస్తాడు. భార్య పొట్లం లాక్కుని, రిజిస్టరులో కొత్త పేజీ తిప్పి, పైన ఆయన పేరు రాస్తుంది.