రాక్సీ వాటాపత్రం: టీకా తాత్పర్యం

మూలం: “ఇందుమూలముగా ధ్రువీకరించుట యేమనగా, ఫలానావారు ఈ సంస్థయందు సొమ్ము పూర్తిగా చెల్లింపబడినవియు, మరల అడుగబడనివియు నగు వాటాలకు యజమానులు.”

అవతారిక: అమెరికా వాటాపత్రాల మీద మామూలుగా కనిపించే వాక్యమిది. ఇక్కడ న్యూయార్కు రాక్సీ థియేటరుకు అన్వయించుకోవాలి. 1927 మార్చి 11న తెరిచిన ఆ హాల్లో సీట్లు 5,920.

ప్రతిపదార్థం: ఫలానావారు = టికెట్టుతో తృప్తిపడక హాల్లోనే వాటా కొన్నవారు; మరల అడుగబడని = హాలు మునిగినా సంస్థ మళ్లీ జేబు తడమదని హామీ; యజమానులు = గౌరవవాచకం. గేటు దగ్గర ఈ మాట చెబితే గేటుమనిషి టికెట్టే అడుగుతాడు.

వ్యాఖ్య: హాలు తలపెట్టినవాడు హెర్బర్ట్ లూబిన్. పేరు మాత్రం దాన్ని నడపబోయే శామ్యూల్ రాథఫెల్‌ది. ఆయన ముద్దుపేరే రాక్సీ. ఖర్చు కోటి డాలర్లు దాటి పరుగెత్తేసరికి, తలుపులు తెరవకముందే లూబిన్ పెత్తనం సినీ వ్యాపారి విలియం ఫాక్స్‌కు అమ్ముడుపోయింది. ఆ ఫాక్సూ 1930లో తన కంపెనీల మీద పట్టు పోగొట్టుకున్నాడు. 1932లో హాలు అప్పుల్లో మునిగి, కోర్టు నియమించిన రిసీవరు పాలైంది. పత్రంలో మాత్రం అక్షరం మారలేదు, ఫలానావారు యజమానులే.

అలంకారం: పత్రం నెత్తిన బొమ్మ. మనిషి ముఖంలో గీత కాస్త తప్పినా కన్ను పట్టేస్తుంది కనుక, దొంగముద్రణకు విరుగుడుగా బొమ్మలో మనిషి రూపం ఉండాలని న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి పట్టుబట్టింది. అందుకే అరకొర బట్టల గ్రీకు దేవతలు రైలు కంపెనీకీ సినిమా కంపెనీకీ ఒకేలా కాపలా కాస్తుంటారు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో చిల్లులున్నాయి. వాటా చేతులు మారినప్పుడు పాతపత్రాన్ని రద్దుచేస్తూ పొడిచినవవి. చిల్లు సంతకం మీద పడిందా, దేవత ముక్కు మీద పడిందా అని సేకర్తలు భూతద్దం పెట్టి చూస్తారు. కంపెనీ మునిగేదాకా అమ్ముకోలేకపోయినవాడి పత్రానికి చిల్లు పడే అవసరమే రాలేదు. నష్టపోయినవాడి కాగితమే నిగనిగలాడుతూ మిగిలిందన్నమాట! (డీమ్యాట్ ఖాతాకు చిల్లు పొడవలేం, రేపటి సేకర్తల గతి ఏమిటో.)

శ్లేష: ప్రారంభోత్సవ చిత్రం ‘ద లవ్ ఆఫ్ సున్యా’. తెలుగు చెవికి అది శూన్యమనే వినబడుతుంది.

తాత్పర్యం: ఆ చిత్ర నాయిక గ్లోరియా స్వాన్సన్. 1960లో రాక్సీని కూలగొడుతుంటే, ఆమే వచ్చి శిథిలాల నడుమ చేతులు చాచి నిలబడింది. లైఫ్ పత్రిక ఆ ఫొటో అచ్చేసింది. యజమానుల్లో ఎవరైనా అటు వచ్చారో లేదో మూలంలో లేదు.